ఫోన్‌కి 180, లాప్‌టాప్‌కి 15: లోపం ఎక్కడుంది?

ప్రశ్న: అన్నా, బెంగళూరు మున్నేకొళాలలో ఉంటున్నాను. మూడో అంతస్తు, రెండు గదుల ఇల్లు. 200 ఎంబీపీఎస్ ప్లాన్. ఫోన్‌లో పగలు 180 వస్తుంది, రాత్రి కూడా 150కి తగ్గదు. నాలుగేళ్ల కిందటి లాప్‌టాప్‌లో మాత్రం బెడ్‌రూమ్‌లో 15, రాత్రి తొమ్మిది దాటితే నాలుగో ఐదో. రూటర్ పక్కన కూర్చుంటే 40. వైఫై జాబితాలో చివర 5జీ అని ఉండే రెండో పేరు ఫోన్‌కి కనిపిస్తుంది, లాప్‌టాప్‌కి కనిపించదు. డీఎన్‌ఎస్ మార్చాను, డ్రైవర్ అప్‌డేట్ చేశాను, విండోస్ రీసెట్ కూడా అయింది. వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని. మీటింగ్‌లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట, మేనేజర్ దగ్గర అదో టెన్షన్. రెండు నెలల క్రితం కీబోర్డ్ మార్పించాను, అంతకు మించి లాప్‌టాప్‌ని ఎవరూ ముట్టుకోలేదు. కొత్తది కొనేయమంటారా?

జవాబు: ఇప్పుడే కొనొద్దు తమ్ముడూ. ఫోన్‌కి 180 వస్తోందని నువ్వే రాశావు. ఆ ఒక్క మాటతో కంపెనీ, ఫైబర్, రూటర్ మూడూ నిర్దోషులని తేలిపోయింది. వీధిలో స్తంభం నుంచి రూటర్ దాకా నెట్ కుళాయి నీళ్లలా బాగానే వస్తోంది. రూటర్ నుంచి లాప్‌టాప్ దాకా ఉన్న పది పన్నెండు అడుగుల గాలిలోనే ఎక్కడో అడ్డం పడుతోంది. ఇక కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయడం మానేయి.

స్పీడ్ టెస్ట్ కూడా కాసేపు పక్కన పెట్టు. అది మొత్తం దారి కలిపి ఒకే అంకె చెబుతుంది, ఏ మలుపులో ఇరుక్కుందో చెప్పదు. మనకు కావలసిన అంకె వేరే ఉంది. విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, అక్కడ కనెక్ట్ అయిన పేరు మీద ప్రాపర్టీస్ నొక్కు. కిందికి జరిపితే లింక్ స్పీడ్, బ్యాండ్, ఛానల్ నంబర్ కనిపిస్తాయి. బ్యాండ్ అంటే వైఫై నడిచే రేడియో తరంగాల పట్టీ, ఛానల్ అంటే అందులో ఒక దారి. మ్యాక్ అయితే ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని పైన వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే ఇవే వివరాలు వస్తాయి. లింక్ స్పీడ్ అంటే నీ లాప్‌టాప్, రూటర్ ఆ క్షణంలో ఎంత వేగంతో మాట్లాడుకుందామని ఒప్పుకున్నాయో ఆ అంకె. బయటి ఇంటర్నెట్‌తో దానికి సంబంధం లేదు. అసలు చేతికి వచ్చేది అందులో సుమారు సగం, బాగుంటే ఇంకొంచెం ఎక్కువ.

నీది చూడకుండానే పందెం కాస్తాను: రూటర్ పక్కన కూర్చున్నప్పుడు అక్కడ 72 అని ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో, ఒకే యాంటెన్నాతో పని జరిగితే వచ్చే గరిష్ఠం అదే. అందులో సగం పైచిలుకు అంటే నువ్వు చెప్పిన 40. రెండు యాంటెన్నాలూ పని చేస్తే అక్కడ 144 ఉండాలి. అదే 5 గిగాహెర్ట్జ్‌లో 80 మెగాహెర్ట్జ్ వెడల్పుతో అయితే ఒక యాంటెన్నాకి 433, రెండింటికి 866. నీ ఫోన్ ఆ 866 దగ్గర ఉంది కాబట్టే 200 ప్లాన్ మొత్తం తాగేస్తోంది. (ఎవరికైనా ఎంత దగ్గర కూర్చున్నా 54 దాటకపోతే రూటర్‌లో సెక్యూరిటీ ఏముందో చూడాలి. పాత డబ్ల్యూఈపీ గానీ టీకేఐపీ గానీ పెట్టి ఉంటే అక్కడే ఆగిపోతుంది. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కి మారిస్తే సరి.)

ఇంకో మాట. రూటర్ పేరు చివర ఉండే 5జీకీ, మొబైల్ 5జీకీ ఏ చుట్టరికమూ లేదు. ఇది 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ అని చెప్పడానికి పెట్టుకున్న పేరంతే. మా ఆఫీసులో ఇంజినీర్లే ‘నా లాప్‌టాప్ 5జీ కాదుగా’ అని దాన్ని వదిలేసి కూర్చోవడం చూశాను.

రాత్రి తొమ్మిదికి ఎందుకు పడిపోతోంది అంటావా, ఆ చిక్కంతా 2.4 లోనే. మన ఊళ్లో బోరింగు దగ్గర బిందెల వరస గుర్తుందా? ఒకరు కొడుతున్నంతసేపు మిగతావాళ్లు ఆగాల్సిందే. వైఫై కూడా అంతే. ఒక ఛానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి, ఎవరైనా మాట్లాడుతుంటే మిగతా పరికరాలు ఆగి వినాలి. నీ రూటర్, పక్కింటి రూటర్, కింది పీజీ రూటర్ ఒకే ఛానల్‌లో ఉంటే ముగ్గురిదీ ఒకే వరస. పైగా సిగ్నల్ సరిగా అందని పాత ఫోను ఒకటుంటే అది సన్నమూతి చెంబు పట్టుకొచ్చినవాడి లాంటిది. వాడు పట్టుకునేది చెంబుడే, నిలబెట్టేది మాత్రం వరస మొత్తాన్ని.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. ఒకదాని మీద ఒకటి పడకుండా అందులో పట్టేవి మూడే ఛానళ్లు: 1, 6, 11. మీ మారతహళ్లి చుట్టుపక్కల ఒక బెడ్‌రూమ్‌లో నిలబడి వైఫై జాబితా తెరిస్తే పాతిక ముప్పై పేర్లు కనిపించడం మామూలే. అందరూ ఆఫీసు నుంచి వచ్చి, తిని, సినిమాలు పెట్టుకునేది ఆ తొమ్మిదింటికే. 5 గిగాహెర్ట్జ్‌లో ఆ ఇబ్బంది తక్కువ. 2018లో కేంద్రం ఆ బ్యాండ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చింది. చోటు ఎక్కువ, పైగా గోడలు దాటడంలో అది బలహీనం. ఆ బలహీనతే మనకు మేలు, పక్కింటి సిగ్నల్ నీ గదిలోకి అంతగా రాదు.

అందాకా 2.4 లోనే ఉండక తప్పకపోతే ఫోన్‌లో ఏదైనా వైఫై అనలైజర్ యాప్ వేసి 1, 6, 11 లో ఏది కాస్త ఖాళీగా ఉందో చూసి రూటర్‌లో అది పెట్టు. తెలివిగా మధ్యలో 3 గానీ 4 గానీ పెట్టొద్దు. అక్కడ నువ్వు 1 వాళ్ల వరసలోనూ ఉండవు, 6 వాళ్ల వరసలోనూ ఉండవు, ఇద్దరి గోలా నీ మీద పడుతుంది. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 40 పెడితే వేగం రెట్టింపవుతుందని చెబుతారు. నలుగురు ఉన్న చోట అది జరగదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: లాప్‌టాప్‌కి ఆ 5 గిగాహెర్ట్జ్ పేరు ఎందుకు కనపడట్లేదు? మూడు కారణాలకు అవకాశం ఉంది. లాప్‌టాప్‌ని చేత్తో పట్టుకుని రూటర్‌కి మూరెడు దూరంలో పెట్టి జాబితా మళ్లీ చూడు. పేరు అక్కడ కనిపించి, నాలుగడుగులు వెనక్కి వేయగానే మాయమైతే యాంటెన్నా సంగతి. మూరెడు దూరంలో కూడా కనిపించకపోతే రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఛానల్‌ని ఆటో నుంచి తీసి 36 పెట్టి చూడు. 52 నుంచి 144 మధ్య ఛానళ్లు రాడార్లతో పంచుకునేవి, లాప్‌టాప్ లోపలి కొన్ని పాత వైఫై కార్డులు వాటిని పట్టించుకోవు. అప్పటికీ లేకపోతే కార్డుకే ఆ బ్యాండ్ లేదేమో. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ల కింద కార్డు మోడల్ పేరుంటుంది, దాన్ని గూగుల్‌లో కొడితే తెలుస్తుంది. నాలుగేళ్ల క్రితం కూడా చౌక లాప్‌టాప్‌లలో ఒకే యాంటెన్నా, 2.4 మాత్రమే ఉన్న కార్డులు పెట్టి అమ్మారు. ప్రాసెసర్ గురించి డబ్బా మీద ఇంత పెద్ద స్టిక్కర్ ఉంటుంది, వైఫై కార్డు గురించి ఒక్క ముక్క ఉండదు.

కానీ నా అనుమానమంతా ఆ కీబోర్డ్ మీదే. నువ్వు దాన్ని చివర్లో, అసలు విషయం కాదన్నట్టు రాశావు. లాప్‌టాప్ యాంటెన్నాలు ఎక్కువగా మూతలో, స్క్రీన్ చుట్టూ ఉంటాయి. అక్కడి నుంచి రెండు సన్నటి వైర్లు, చాలావరకు ఒకటి నల్లది, ఒకటి తెల్లదో బూడిద రంగుదో, కీలు గుండా కిందికి దిగి వైఫై కార్డు మీద చొక్కా టిచ్ బటన్ లాగా టక్కున బిగుసుకుంటాయి. కొసన ఆ బటన్ బియ్యపు గింజలో సగం కూడా ఉండదు. చాలా మోడళ్లలో కీబోర్డ్ మార్చాలంటే మదర్‌బోర్డు బయటికి తీయాలి, తీయాలంటే ఆ వైర్లు విప్పాలి. తిరిగి పెట్టేటప్పుడు ఒకటి సరిగా కూర్చోకపోయినా లాప్‌టాప్ ఆన్ అవుతుంది, వైఫై వస్తుంది, షాపులో రూటర్ నెత్తి మీదే ఉంటుంది కాబట్టి యూట్యూబ్ కూడా ఆడుతుంది. ఇంటికొచ్చాక గానీ తెలియదు.

నాకు ఇది అనుభవం. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్‌లో ఒక చిన్న షాపులో కీబోర్డ్ వేయించుకున్నాను. అప్పటికి నెట్‌వర్క్ సపోర్ట్‌లో పదేళ్లు పని చేసిన మనిషిని. ఇంట్లో నెట్ పడుకుంటే నెల రోజులు ఇంటర్నెట్ కంపెనీ వాళ్లతో గొడవ పడ్డాను. లైన్‌మ్యాన్ మూడుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ తన ఫోన్‌లో స్పీడ్ చూపించి ‘నిమ్ లాప్‌టాప్ ప్రాబ్లమ్ సార్’ (మీ లాప్‌టాప్‌దే సమస్య) అని వెళ్లిపోయాడు. నేను నమ్మలేదు, తప్పించుకుంటున్నాడనుకున్నాను. చివరికి దుమ్ము తుడుద్దామని కింది మూత విప్పితే నల్ల వైరు ఊడి బ్యాటరీ మీద పడి ఉంది. నొక్కిపెట్టాను, అర నిమిషం పని. ఆ లైన్‌మ్యాన్‌కి ఫోన్ చేసి సారీ చెప్పాలనుకున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, మొహం చెల్లలేదు.

నువ్వే విప్పగలవా అంటే, చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చినవాడివైతే విప్పగలవు. షట్‌డౌన్ చేసి చార్జర్ తీసి, మూత తెరవగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయి. ఆ తర్వాతే మిగతాది. వైరు కొసని కార్డు మీది గుండ్రటి బటన్ మీద నిటారుగా ఆనించి వేలితో నొక్కితే టిక్ మంటుంది. వంకరగా నొక్కితే వంగిపోతుంది, వంగితే మళ్లీ సరిగా పట్టదు. వారంటీ ఇంకా ఉంటే మాత్రం చెయ్యి పెట్టకు. కీబోర్డ్ వేసిన షాపుకే తీసుకెళ్లి ‘యాంటెన్నా వైర్లు చూడండి’ అను. ‘నెట్ స్లో’ అన్నావంటే విండోస్ మళ్లీ వేసి దానికి డబ్బులు తీసుకుంటారు.

కార్డే పాతదని తేలితే అప్పుడు కూడా లాప్‌టాప్ మార్చనక్కర్లేదు. కార్డు బోర్డుకి అతికించినది కాకుండా స్క్రూతో బిగించినదైతే ఇంటెల్ ఏఎక్స్210 లాంటిది వేసుకోవచ్చు. కొత్త లాప్‌టాప్ ఖర్చు ముందు అది లెక్కలోకే రాదు. ఏఎక్స్211 అని ఇస్తే తీసుకోకు. పేరు దగ్గరగా ఉంటుంది గానీ అది దానికి తగ్గ ఇంటెల్ ప్రాసెసర్లున్న బోర్డుల్లోనే పని చేస్తుంది. కొన్ని పాత మోడళ్లలో కంపెనీ తను ఒప్పుకున్న కార్డులు తప్ప వేరేవి పెడితే ఆన్ కానివ్వదు, నీ మోడల్ పేరుతో ఒకసారి వెతికి చూసుకో. విప్పడమే ఇష్టం లేకపోతే యూఎస్‌బీ డాంగిల్. కొనేటప్పుడు డ్యూయల్ బ్యాండ్ అని రాసి ఉందో లేదో చూడు. గోరంత ఉండే 150 ఎంబీపీఎస్ డాంగిళ్లు 2.4 మాత్రమే. అది కొంటే ఇప్పుడున్న వరసలోనే ఇంకో బిందె పెట్టినట్టు.

5 గిగాహెర్ట్జ్ దొరికాక వచ్చే తలనొప్పి గోడలు. ఒక గోడ దాటుతుంది, రెండో గోడకి నీరసపడుతుంది. కాంక్రీట్ బ్లాకులు, కడ్డీలున్న స్తంభాలు, వార్డ్‌రోబ్ అద్దం, బాత్‌రూమ్ టైల్స్, అన్నీ దాన్ని తినేస్తాయి. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో రూటర్ ఎక్కడ ఉంటుందో నీకు తెలుసు: ఫైబర్ వచ్చిన చోటే, తలుపు పక్కన చెప్పుల స్టాండ్ మీద. కొత్త బిల్డింగులైతే గోడలో ఇనప డబ్బా పెట్టి, అందులో కుక్కి, ఇనప తలుపు మూసేస్తారు. ఇనప పెట్టెలో దీపం పెట్టి ఇంట్లో వెలుగు లేదన్నట్టు ఉంటుంది. కనీసం డబ్బాలోంచి బయటికి తీసి, భుజం ఎత్తులో, హాల్లో తెరిపిగా పెట్టు. కానీ ఫైబర్ తీగని లాగి మడవొద్దు, అది రాగి వైరు కాదు, లోపల గాజు. గట్టిగా మడిస్తే వెలుతురు బయటికి కారిపోతుంది. ఎర్ర లైటు వెలిగిందంటే మళ్లీ లైన్‌మ్యాన్ కోసం రెండు రోజులు కూర్చోవాలి.

బెడ్‌రూమ్‌కి అప్పటికీ అందకపోతే ప్లగ్గులో పెట్టే చిన్న రిపీటర్ల జోలికి పోకు. వినడానికి, తిరిగి చెప్పడానికి ఒకే రేడియో వాడేవి వేగాన్ని సగానికి కోస్తాయి. దానికంటే హాల్ నుంచి బెడ్‌రూమ్‌కి ఒక లాన్ వైరు లాగి అక్కడ రెండో రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచేలా, పెట్టడం మేలు. క్యాట్ 5ఈ వైరు చాలు, 100 మీటర్ల దాకా 1000 ఎంబీపీఎస్ మోస్తుంది. వైరు పెట్టాక స్పీడ్ సరిగ్గా 94 దగ్గర ఆగిపోతే లోపలి ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి తెగిందనో, కొసన ప్లగ్గు సరిగా బిగించలేదనో అనుమానించాలి. నాలుగు తీగలతో 100 వరకే వస్తుంది, వెయ్యికి ఎనిమిదీ కావాలి. గోడకి డ్రిల్ మాత్రం ఓనర్‌ని అడక్కుండా పెట్టకు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె ఎలాగూ కోసుకుంటారు, దానికి తోడు రంధ్రం లెక్క ఎందుకు?

మీటింగ్‌లో గొంతు ముక్కలవడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది వేగం సమస్య కాదు. ఒక వీడియో కాల్‌కి నాలుగైదు ఎంబీపీఎస్ చాలు. నీకు కావలసింది నిలకడ. కమాండ్ ప్రాంప్ట్‌లో రూటర్ అడ్రస్‌కి, మామూలుగా 192.168.1.1 ఉంటుంది, పింగ్ పెట్టి చూడు. పింగ్ అంటే ఒక చిన్న పలకరింపు పంపి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో కొలిచే ఆదేశం. ఇంట్లోనే ఉన్న రూటర్ నుంచి జవాబు ఐదు మిల్లీసెకన్ల లోపు రావాలి. మధ్య మధ్య 200, 300 అంటూ ఎగిరితే గాలిలో గొడవ ఉన్నట్టు. పింగ్ బాగుండి కాల్ మాత్రం తెగుతుంటే టాస్క్ మేనేజర్‌లో నెట్‌వర్క్ వరస మీద నొక్కి ఎవరు ఎక్కించుకుంటున్నారో చూడు. వన్‌డ్రైవ్ వెనకాల ఫోటోలు పైకి పంపుతుంటే అప్‌లోడ్ దారి నిండిపోయి నీ గొంతుకి చోటు ఉండదు.

బ్లూటూత్ హెడ్‌సెట్ వాడుతున్నావేమో అది రాయలేదు. బ్లూటూత్ కూడా 2.4 లోనే ఉంటుంది, లాప్‌టాప్‌లో సాధారణంగా వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే కార్డు. కార్డు 5 గిగాహెర్ట్జ్‌కి మారితే ఈ పోట్లాట దానంతటదే పోతుంది. అప్పటిదాకా వైరున్న ఇయర్‌ఫోన్ వాడు. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ గానీ హబ్ గానీ పక్కనే తగిలించి ఉంటే దాన్ని కాస్త దూరం జరుపు. యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రొద 2.4 బ్యాండ్‌లో పడుతుందని ఇంటెల్ వాళ్లే 2012లో కొలిచి చెప్పారు. వింటే నవ్వొస్తుంది గానీ, హబ్ పీకగానే వైర్‌లెస్ మౌస్ బాగుపడిన వాళ్లని కూడా చూశాను.

ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉంచి స్పీడ్ టెస్ట్ చేస్తే నువ్వు కొలిచేది మీ ఆఫీసు లైన్‌ని. కొలిచేటప్పుడు ఆపు.

నువ్వు ఇప్పటికే చేసినవాటి సంగతి. డీఎన్‌ఎస్ మార్చడం వల్ల డౌన్‌లోడ్ వేగం పెరగదు. అది ఫోన్ నంబర్ వెతికే డైరెక్టరీ లాంటిది, నంబర్ త్వరగా దొరికినంత మాత్రాన మాట వేగం పెరగదు కదా. విండోస్ రీసెట్ అనవసరంగా చేశావు, పోయిన వైరు సాఫ్ట్‌వేర్‌తో తిరిగి రాదు. డ్రైవర్ అప్‌డేట్ మంచిదే. అదే డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ అనే ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి అనుమతించే టిక్ తీసేయి. బ్యాటరీ మీద ఉన్నప్పుడే నెట్ నెమ్మదిస్తుంటే కారణం అక్కడే ఉండొచ్చు.

ఇదే సమస్యతో చదువుతున్న వేరేవాళ్లకి ఒక మాట: మీ ఫోన్ కూడా రూటర్ పక్కనే నెమ్మదిగా ఉంటే పైదంతా మీకు వర్తించదు. లాన్ వైరుతో లాప్‌టాప్‌ని రూటర్‌కి తగిలించి కొలవండి, అప్పుడూ తక్కువే వస్తే కంపెనీకి ఫోన్ చేయండి. పీజీలో ఉండి, ఒకే కనెక్షన్ మీద అంతస్తుకి పాతిక మంది వేలాడుతుంటే మీ లాప్‌టాప్‌లో సరిచేయడానికేమీ లేదు, ఓనర్ అంకుల్‌నే పట్టుకోవాలి.

తమ్ముడూ, రాత్రికి రెండు పనులు చెయ్యి. రూటర్ పక్కన లింక్ స్పీడ్ ఎంతుందో చూడు, ఆ మూరెడు దూరం పరీక్ష చెయ్యి. 72 ఉండి, 5 గిగాహెర్ట్జ్ పేరు దగ్గరలోనే కనిపించి దూరం జరగ్గానే మాయమైతే, శనివారం కీబోర్డ్ షాపుకి. ఈలోగా మీటింగులుంటే పది మీటర్ల రెడీమేడ్ లాన్ వైరు ఒకటి తెచ్చి హాల్ నుంచి నేరుగా లాప్‌టాప్‌కి పెట్టేసుకో. లాప్‌టాప్‌కి ఆ పోర్ట్ లేకపోతే యూఎస్‌బీకి తగిలించే అడాప్టర్ దొరుకుతుంది. గుమ్మం దగ్గర వైరు మీద టేపు వేయి, రాత్రి నీళ్లకి లేచినప్పుడు కాలికి తగిలిందంటే లాప్‌టాప్ కూడా కిందికొస్తుంది.